పడ్డోడు లేచిండా?

నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినవాళ్లను నేను మరచిపోను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, జూబ్లీహిల్స్ బస్సులో, మా ఆఫీసు కిరణ్‌కి ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తూ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి వాదిస్తున్నాను. బంతి విసరబోయేవాణ్ని పడగొట్టడాన్ని శాక్ అంటారు; వెనకనుంచి, వాడు చూడకుండా పడేసిందే గొప్ప శాక్ అన్నాను.

ముందు సీట్లో ఒకతను మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూశాడు.

“పడ్డోడు లేచిండా సార్?”

“అదెవరు చూస్తారండీ?”

“సదువుకున్నోళ్లు గద, కింద పడ్డోడు ఎట్ల కనబడతడు!”

బస్సంతా నవ్వింది.

“నేను సినిమా ఫైటర్ని. నిన్న మంచిగ పడ్డవన్నరు. గందుకే ఇయ్యాల ఇంకింత ఎత్తుకెల్లి పడమన్నరు. రోజూ గీ బస్సే, రేపు చెప్పుండ్రి,” అని ఫిల్మ్‌నగర్‌లో దిగిపోయాడు.

ఆఫీసులో ఆ వీడియో చివరిదాకా చూశాను. పడ్డవాడు లేచాడు. ఆ మాట అతని మొహానే చెప్పాలని నెలంతా అదే బస్సెక్కాను.

అతను ఎక్కలేదు.