పరుశురాం బండి వేడెక్కిన రోజు

బిక్షపతిని చూస్తేనే పరుశురాంకు రోత. ఇద్దరిదీ సిరిసిల్ల వైపే. సూరత్‌లో ఏళ్ల తరబడి సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపి, చెవులు పాడుచేసుకుని, చివరికి కాలువలు తవ్వే పెద్ద బండి నేర్చుకుని బయటపడ్డవాళ్లే. పొద్దున బిక్షపతి, మధ్యాహ్నం నుంచి పరుశురాం. ఒకే సీటు కావడమే పరుశురాం ఖర్మ. బిక్షపతి దిగేసరికి క్యాబిన్ నిండా గుట్కా కంపు, అద్దాల మీద ఎర్రటి మరకలు. తుడుచుకోలేక చచ్చేవాడు.

ఆ రోజు బార్డోలీ రోడ్డు పక్కన, అన్నం తిని బండి ఎక్కిన కాసేపటికే ఇంజన్ వేడెక్కింది. దానంతటదే బలం తగ్గించుకుని మూలుగుతూ నిలబడిపోయింది. పరుశురాం ఒళ్లు మండింది. పొద్దుటివాడు నీళ్లు పోయలేదని బండి యజమాని సేఠ్‌కు ఫోన్ కొట్టాడు. సేఠ్ ముందూ వెనకా చూడకుండా బిక్షపతికి ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దన్నాడు.

బిక్షపతి ఇంకా అక్కడే, బస్సు కోసం నిలబడి ఉన్నాడు.

"అన్నా, నీళ్లు నేనే పోసిన. నువ్వన్న జర సేఠ్‌కు చెప్పు. మళ్ల సాంచాల మీదికి పోలేను" అన్నాడు.

పరుశురాం మొహం తిప్పుకున్నాడు.

ఇంతలో బండి తయారుచేసిన కంపెనీ పుణె ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇంజన్ సంగతులన్నీ ఆమె తెర మీద కనిపిస్తాయట. నీళ్లు నిండుగా ఉన్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది, గాలే లోపలికి పోవడం లేదు, రేడియేటర్ తలుపు తీసి చూడమని హిందీలో చెప్పింది.

తీశాడు. లోపల, అద్దాలు తుడవడానికి తను తెచ్చుకున్న భార్య వినోద పాత చీర. సాంచా ఆపగానే దుమ్ము పడకుండా నూలు మీద చీర కప్పడం అతని చేతులకు అలవాటు. బిక్షపతి దిగిపోయాక, అన్నం తింటుంటే లారీలు దుమ్ము లేపుతున్నాయని తనే కట్టి, మరిచిపోయాడు.

చీర లాగేశాక కాసేపటికి వేడి దిగింది. లోపల గుడ్డ అడ్డుపడిందని ఫోన్‌లో చెబితే, ఎవరు కట్టారని ఆమె అడిగింది, సేఠ్‌కు రాయాలట. దూరంగా బిక్షపతి ఇటే చూస్తున్నాడు. నిజం చెబితే పరుశురాం కూడా ఆ సాంచాల మోతలోకి, నోట్లోకి పోయే దూదిలోకి తిరిగి పోవాలి.

పొద్దుటి డ్రైవరే దిగిపోతూ కట్టాడని చెప్పాడు.

మీలాంటి ఆపరేటర్లు ఉంటే మాకు పని సులువని ఆమె మెచ్చుకుంది. ఛీ, ఇంతకన్నా నీచం ఉంటుందా అనుకున్నాడు పరుశురాం. అనుకుంటూనే ఎక్కి కూర్చుని, బిక్షపతి నిలబడ్డ వైపు చూడకుండా బండి స్టార్ట్ చేశాడు.