ఎర్ర టైలో మిగిలిన సగం

నా చిన్నప్పుడు మా గల్లీలో మెడకు టై కట్టుకునే మగవాళ్లు ఒక్కరూ లేరు. అయినా మా పక్కింట్లో పద్నాలుగు టైలు ఉండేవి. వరంగల్ స్టేషన్ రోడ్డుకు వెనక గల్లీ మాది. పక్కింటి ముందు భాగంలో ఫోటో స్టూడియో, వెనక భాగంలో కాపురం. స్టూడియో నడిపే ఆయన్ని నేను మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్తమ్మ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, రెండిళ్లకూ మధ్య ఒక పొట్టి గోడ తప్ప.

స్టూడియోలో ఒక నల్ల కోటు, దాని పక్కన మేకులకు ఈ టైలు వేలాడుతూ ఉండేవి. ఫోటో కోసం వచ్చిన మగవాళ్లందరికీ అవే. పెళ్లి చూపులకు ఫోటో పంపాల్సిన కుర్రవాళ్లూ, బజారులో కిరాణా దుకాణాల వాళ్లూ, పత్తి అమ్మడానికి వచ్చిన రైతులూ ఆ కోటులోకే దూరేవాళ్లు. సన్నటి మనిషైతే మామ కోటును వెనక నుంచి గుంజి బట్టల క్లిప్పులు పెట్టేవాడు. ఫోటోకు ముందు వైపే కదా కావాల్సింది. టై ముడి మాత్రం మామకు ఎప్పుడూ ఒక్కసారికి కుదిరేది కాదు. మూడుసార్లు విప్పి కట్టేసరికి కూర్చున్న మనిషి ముఖం ఉరి తీస్తున్నట్టు అయ్యేది. ఆ రోజుల్లో మా ఊరి ఫోటోల్లో ఒక్కరూ నవ్వకపోవడానికి అదే కారణమని నా నమ్మకం.

అప్పటి ఫోటోలు నలుపు తెలుపువి. చిలక పచ్చ టై అయినా, పసుపు గీతల టై అయినా కాగితం మీదికి వచ్చేసరికి బూడిద రంగే. అడిగినవాళ్లకు మాత్రం మామ సన్న కుంచెతో రంగులు అద్ది ఇచ్చేవాడు. అలా రంగులు వేసిన పటం ఒకటి వీధిలోకి కనపడేలా అద్దం వెనక పెట్టాడు. అందులోని కుర్రవాడి మెడకు తెల్ల చుక్కల ఎర్ర టై ఉండేది. బజారుకు వచ్చినవాళ్లు ఆగి మరీ దాన్ని చూసి పోయేవాళ్లు.

మెడ నూనె, చెమట, ముఖానికి రాసిన పౌడరు కలిసి టైలు కొన్నాళ్లకు జిడ్డు పట్టేవి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మామ అలా పాడైన తొమ్మిది టైలు తీసి పారేయబోతే అత్తమ్మ ఊరుకోలేదు. ఆమె పుట్టిల్లు కొత్తవాడ. జంపఖానాలు నేసే మగ్గం పక్కన పెరిగిన మనిషి, గుడ్డపేలిక కూడా ఆమె చేతి నుంచి చెత్తలోకి పోయేది కాదు. టైలన్నీ కుంకుడు రసంలో నానబెట్టి ఉతికింది. తర్వాత మేమిద్దరం వాకిట్లో చాప వేసుకుని కూర్చుని, పాత బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పి లోపలి గట్టి గుడ్డను బయటికి లాగేవాళ్లం.

వాటితో ఆమె చేయనిది లేదు. మంచినీళ్ల కుండకు కుదురు చుట్టింది. కెమెరా ముందు వేసే స్టూలుకు మెత్త కుట్టింది. విసనకర్రలకు అంచులు వేసింది. అన్నిటికంటే అందమైనది నడిమింటి దర్వాజకు వేసిన పరదా. టైలను నిలువుగా పక్కపక్కన కుట్టి, వాటి మొనలన్నీ కిందికి వేలాడేలా వదిలింది. ఏ పండుగా లేకున్నా ఆ దర్వాజకు రోజూ తోరణం కట్టినట్టే ఉండేది. బూడిద రంగు ఫోటోల్లో దాక్కున్న రంగులన్నీ అక్కడ బయటపడ్డాయి. తన పెళ్లి ఫోటోలో కట్టుకున్న టై చిలక పచ్చదని మా నాన్నకు ఆ పరదా చూసినప్పుడే గుర్తొచ్చింది.

నేను కుడితే మాత్రం గుడ్డ ముడతలు పడి వంకర తిరిగేది. అత్తమ్మ నా చేయి పట్టుకుని ఆపేది.

“గట్ల గుంజకే బిడ్డా. ఇది మూలకు కోసిన గుడ్డ, గుంజితె సాగుతది. దాన్ని పండవెట్టి, ఎట్ల పోతాంటె అట్ల పోనిచ్చి కుట్టాలె.”

మిగిలిన ఐదు టైలు స్టూడియోలోనే ఉన్నాయి. వాటిలో ఎర్రదాని మెడ దగ్గర మరక పడితే, అది ఒక్కటి ఉతికి ఇమ్మని మామ ఒక శనివారం అత్తమ్మకు ఇచ్చాడు. దాన్ని ముట్టుకోవద్దని నాతో కూడా అన్నాడు. అది దండెం మీద ఆరుతుంటే నేను చూశాను. బడిలో అందరి జడలకూ ఒకే రకం ఎర్ర రిబ్బన్లు. తెల్ల చుక్కల రిబ్బన్లు నాకొక్కదానికే ఉంటే ఎలా ఉంటుంది? టైకి సన్న కొస వైపు సరిగ్గా రిబ్బను వెడల్పే. మెడ వెనక్కి పోయేదే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నాను. అత్తమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు కత్తెర తీసుకుని టైని నడిమికి కోశాను. సన్న సగాన్ని రెండు ముక్కలు చేసి బడి సంచిలో దాచాను. వెడల్పు సగం చేతిలో మిగిలాక గానీ నేనేం చేశానో తెలియలేదు. దాన్ని గుడ్డముక్కల బుట్ట అడుగున కుక్కి ఇంటికి పరుగెత్తాను.

మర్నాడు ఆదివారం. ఉండబట్టలేక పొద్దున్నే పక్కింటికి వెళ్లి చాప మీద కూర్చున్నాను. నర్సంపేట బస్సు దిగి ఒక ముసలి జంట స్టూడియోకు వచ్చారు. ఆయన పెద్ద రైతు కాదు, చిన్న కమతం. మునుపు పత్తి అమ్మడానికి వచ్చినప్పుడు ఆయన భార్య అద్దంలోని రంగుల పటం చూసి మనసులో పెట్టుకుందట. ఆమె గొంతు వెనక వాకిలి దాకా వినిపించింది.

“ఇంట్ల దేవుండ్ల పటాలు ఎన్నో ఉన్నయ్ గని ఈయన పటం ఒక్కటి లేదు. గా ఎర్ర పట్టీనే కట్టాలె అయ్యా. వేరేది వద్దు.”

“ఎర్ర టై తీస్కరా,” అని మామ లోపలికి కేక వేశాడు.

అత్తమ్మ దండెం చూసింది, తర్వాత నా ముఖం చూసింది. నేను అప్పటికే ఏడుస్తున్నాను. బుట్టలోంచి ఆ సగం టై తీసి ఆమె ముందు పెట్టాను. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె ఒక్క క్షణం పెదవి కొరుక్కుంది, అంతే. టైని చాప మీద పరిచి ముడతలు అరచేత్తో సాపు చేసింది.

“ఏడ్సుడు ఎన్క. మొదలు ఎంత మిగిలిందో సూడనీ.”

జానతో కొలిచింది. మూడు జానలు, పైన నాలుగు వేళ్లు.

“ఫోటోల మెడ ఎన్క కనవడ్తదా? కనవడది. ముందటికి గీ సగం సాలు,” అని తనలో తనే అనుకుంది.

కోసిన కొసను తన బొటనవేలి చుట్టూ తిప్పి అచ్చం టై ముడిలా మడిచింది. ముడి వెనక నాలుగు కుట్లు వేసి బిగించింది. దానికి రెండు వైపులా తెల్ల నాడా కుట్టి, మెడ వెనక కట్టుకునేలా చేసింది. చొక్కా కాలరు మడిస్తే నాడా దాగిపోతుంది. పది నిమిషాలు కూడా పట్టలేదు. నేను ఏడుపు మాని ఆమె వేళ్లనే చూస్తూ ఉండిపోయాను.

ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

“కుట్టుడు నా పని, అయిపోయింది. చెప్పుడు నీ పని. పోయి మామకిచ్చి చెప్పు.”

“నువ్వే చెప్పు అత్తమ్మా. కాలరు కింద ఎవ్వలకు కనవడదు గదా, చెప్పకుంటె ఏమైతది?”

“కట్టేటప్పుడు మామ చేతికి తెల్వదా? అప్పుడు టై చెప్తది. దాని కన్న ముందు నువ్వే చెప్పు.”

వాకిలి నుంచి స్టూడియోకు పదడుగులు. అంత దూరం నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు. లోపల పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. కింద ధోవతి, పైన నల్ల కోటు, తల మీద రుమాలు. రుమాలు తీయమని మామ అంటే ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను టై ముందుకు చాపి, “రిబ్బన్ల కోసం నేనే కోసిన మామా, తప్పయింది,” అన్నాను.

మామ ముఖం ఎర్రబడింది. కొత్తవాళ్ల ముందు కోపం మింగుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఆ ముసలమ్మ టైని నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎర్రది ఎర్రగనే ఉన్నది గదయ్యా. కట్టు మరి.”

మామ కట్టాడు. మొదటిసారికే కుదిరింది. పెద్దాయన మెడ అటూ ఇటూ తిప్పి, “ఉరివెడ్తరేమో అనుకున్న. ఏం కట్టుకోనట్టే ఉన్నది,” అని నవ్వేశాడు. ఆ నవ్వు ఉండగానే మామ ఫోటో కొట్టాడు.

నన్ను మాత్రం అంత తేలికగా వదల్లేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గోడ మీంచి పిలిచినా ముఖం తిప్పుకున్నాడు. మూడో రోజు మిగిలిన నాలుగు టైలు తెచ్చి అత్తమ్మ ముందు పడేసి, “వీటిని గూడ గట్లనే చెయ్యి, నా చేతుల నొప్పి తప్పుతది,” అన్నాడు. తర్వాత నన్ను పిలిచి కుట్లు విప్పమన్నాడు. మామ నాతో రాజీ పడ్డ తీరు అది. ఆ నాలుగింటి వెనక సగాలు మిగిలాయి కనుక కిటికీకి కూడా పరదా వచ్చింది. నా రిబ్బన్లు రెండూ అందులోనే చేరాయి. వాటిని నాచేతే కుట్టించింది అత్తమ్మ. గుంజకుండా కుట్టాను.

పదిహేను రోజుల తర్వాత ముసలి జంట పటం కోసం వచ్చారు. మామ టైకి ఎర్ర రంగు అద్ది, చుక్కలు వదిలి, ఎంతో శ్రద్ధగా చేశాడు. ముసలమ్మ పటాన్ని కొంగుతో తుడిచి చాలాసేపు చూసింది. టై గురించి ఒక్క మాట అనలేదు.

“పండ్లు గనవడంగ ఈయన నవ్వుడు ఇన్నేండ్లల్ల ఇప్పుడే సూత్తాన,” అంది.

పెద్దాయన సిగ్గుపడి రుమాలు సర్దుకున్నాడు. అత్తమ్మ పరదా చాటు నుంచి నా వైపు చూసి నవ్వింది.

ఆమె దగ్గర కూర్చున్నా నాకు కుట్టు గొప్పగా రాలేదు. ఆ రోజు నేర్చుకున్నవి వేరే ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో మా ఆయన కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తూ దాని పొడుగు చేతుల్లో ఒకదాన్ని మణికట్టు దగ్గర కాల్చేశాను. ముందు చొక్కాను నేల మీద పరిచి, కాలింది ఎంత, మిగిలింది ఎంత అని చూశాను. పొడుగు చేతులు పొట్టి చేతులుగా మారితే చొక్కా నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు కత్తెర పక్కన పెట్టి, ఆయన వచ్చేదాకా ఆగాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే ఎదురెళ్లి చెప్పేశాను. తర్వాత ఈ జీవితంలో ఇంకా పెద్దవి చాలానే పాడుచేశాను. కొన్నిటిలో ఏదో ఒకటి మిగిలింది, కొన్నిటిలో ఏమీ మిగల్లేదు. కానీ ఎవరి వస్తువు పాడుచేశానో వాళ్లకు అది నా నోటి నుంచే తెలిసింది. ఆ నడక ఇప్పటికీ కష్టమే. ఇప్పటికీ నడుస్తాను.