మెట్ల లైటూ, మా ఓనరు ఆంటీ

ఆ రోజుల్లో, అంటే హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగం వచ్చి, మెడలో ఐడీ కార్డుతోనే కూరగాయల కొట్టుకి కూడా వెళ్లే రోజుల్లో, నాకు రాని విద్య లేదనుకునేవాణ్ణి. రానిదల్లా ఒక్కటే, మెట్ల లైటు ఆర్పడం. నిజాంపేటలో డాబా మీద నా గది, దాని కింద మొదటి అంతస్తులో ఓనరు ఆంటీ. (బ్రహ్మచారికి గదిచ్చిన పుణ్యాత్మురాలు. చుట్టుపక్కల ఎక్కడడిగినా "ఫ్యామిలీకే" అని తలుపేసేవారు.) ఓ పొద్దున లైటు ఆర్పలేదని దారిలో గుర్తొచ్చి ఫోన్ చేశాను. "ఆంటీ, కాస్త మెట్ల లైటు తీసెయ్యండి." మా కోనసీమలో తీసెయ్యడమంటే ఆర్పడమే. ఆంటీది సిద్దిపేట. సాయంత్రం వచ్చేసరికి మెట్ల మీద చిమ్మచీకటి, ఆంటీ చేతిలో బల్బు!

"నువ్వే కదా తియ్యమన్నవ్? స్టూలెక్కి తీసిన. నడుం పట్టుకున్నది. ఇగ చూడు బిడ్డా, ఇంకోపారి లైట్ బంద్ చెయ్యకుంటే గది ఖాళీ చేసుడే!"

మర్నాడే టైమరు స్విచ్చి కొని, మెయిన్ ఆపి, పాత స్విచ్చి పీకి దాన్ని బిగించాను. నొక్కితే వెలుగుతుంది, కాసేపటికి తనే ఆరిపోతుంది. అబ్బ, ఏం సంబరం! పనేమీ లేకపోయినా మెట్లెక్కుతూ దిగుతూ నొక్కుకుంటూ తిరిగాను.

ఆ ఆదివారం ఆంటీ ఇంటికి చుట్టాలొచ్చారు. వాళ్లు ఇంట్లో కూర్చున్నదానికంటే "పోయొస్తం" అంటూ మెట్ల మీద నిలబడిందే ఎక్కువ. ఆంటీ ఆడపడుచు ఎవరిదో పెళ్లి సంగతి ఎత్తుకుందో లేదో, టప్పున లైటు ఆరింది.

"అయ్యో, కరెంట్ పాయె!"

"ఎవలు నా కాలు తొక్కింది?"

నేను పైనుంచి "నొక్కండి! గోడ మీద నొక్కండి!" అని అరిచాను. ఎవరో నొక్కారు. "అరే, అది నా ముక్కు!" అంది ఆడపడుచు మొగుడి గొంతు. చెప్పులు తడుముకుంటూ అందరూ వీధిలో పడ్డారు. నా గది గోవిందా అనుకుని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

ఆంటీ పైకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "మా ఆడిబిడ్డ మెట్ల మీద నిలవడ్డదంటే కదలదు బిడ్డా. ఇయ్యాల ఎట్ల ఉరికిందో చూసినవా? గా మిషిన్ ఉండనియ్యి. నువ్వు గూడ ఉండు!" ఆ పూట ఆనందంతో నాకు అన్నం సయించలేదు.

తర్వాత పెళ్లి కుదిరి, కోకాపేటకి మారుతూ చివరి సంచీతో దిగుతుంటే ఆంటీ మెట్ల దాకా వచ్చింది. "పోయొస్తా ఆంటీ" అన్నాను. (అప్పటికి నాకూ ఆ మాటే వచ్చేసింది.) "మంచిది బిడ్డా, టైముకు తిను" అంటుండగానే లైటు ఆరిపోయింది. ఆంటీ చెయ్యి చాచి నొక్కింది. ఇంకేదో చెబుతుంటే మళ్లీ ఆరింది, మళ్లీ నొక్కింది. ఆ తర్వాత ఆరినప్పుడు నొక్కింది నేనే. ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది: ఆరిపోయే స్విచ్చి తనే బిగించి, ఆరిపోతున్నందుకు దాన్నే తిట్టుకున్నాడు.