పేటెంట్ కాగితంతో ఫొటో

ఎల్లారెడ్డిలో వెల్డింగ్ పని చేస్తాను. వరిలో నడుము వంచకుండా కలుపు తీసే పనిముట్టు ఒకటి తయారుచేసి, పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాను. ఏళ్ల తర్వాత ఈ రోజు ధ్రువపత్రం మెయిల్‌లో వచ్చింది. వెంటనే బస్సెక్కి కామారెడ్డి వెళ్లి రంగుల్లో ప్రింటు తీయించాను.

జిరాక్స్ షాపాయన కాగితం తిప్పి చూశాడు. "ఏందన్నా ఇది, పొలం పట్టానా?"

"కాదు. నేను చేసిన పనిముట్టుకు పేటెంట్. నన్నడగకుండ ఇంకెవ్వరు దాన్ని చేసి అమ్మొద్దు."

ఆయన సంబరపడి, కాగితం నా చేతికిచ్చి నా ఫోన్‌తోనే ఫొటో తీశాడు. "ఎవరికి పంపాలె అన్నా?"

ఫోన్‌లో పేర్లన్నీ వెతికాను. అందరూ గేట్లు, గ్రిల్స్ చేయించుకున్నవాళ్లే. "ఇంటికి పోయినంక నేనే పంపుత" అన్నాను.

ఆ ఫొటో ఇదే. నవ్వమంటే నవ్వాను గానీ సరిగ్గా రాలేదు. చూసినవాళ్లు ఒక మాట రాయండి.