ఎనిమిది అడుగుల రెండంగుళాలు

చెంచయ్య గారు కొలవకుండా దేన్నీ నమ్మరు. పెళ్లి సంబంధం చూడ్డానికి వెళ్లినా ముందు ఆ ఇంటి వీధిగుమ్మం కొలిచి, తరవాతే కాఫీ పుచ్చుకుంటారు. మిర్చి కొట్లో ముప్పై ఏళ్లు కాటా గుమాస్తాగా నిలబడి, ఒకే బస్తా అమ్మేవాడికో బరువూ కొనేవాడికో బరువూ తూగడం చూసి చూసి, చివరికి ఇనుప టేపు ఒక్కదాన్నే నమ్ముకున్నారు.

ఇంటిపన్ను కొలతలకి వచ్చిన వార్డు సచివాలయం ఉద్యోగిని జయకుమారికి ఆయన మొదటిరోజే తగిలారు. డాబా మెట్ల కింద ఖాళీని ఆమె గది అని రాసింది.

"గదన్నాక మనిషి నిలబడాలి కదమ్మా. ఏదీ, నిలబడు," అన్నారు.

నిలబడింది. నెత్తిన బొప్పి కట్టింది. తప్పు తెలిసొచ్చినా పైవాళ్లు దిద్దనివ్వలేదు. ఒక చీపురూ ఒక పాత సైకిలూ మెట్ల కింద కాపురం ఉంటున్నందుకు చెంచయ్య గారు మూడేళ్లు పన్ను కట్టారు, మూడేళ్లూ అప్పీలు పెట్టారు. మొదటిది ఆఫీసులో పోయింది. రెండోదానికి జవాబొచ్చింది గానీ అందులో ఇల్లు వేరేవాళ్లది.

పూర్వం రాజు మారితే కొలకర్ర మారేదట. ఇప్పుడు కొలకర్ర ఒకటే, అది ఎవరి గోడకి ఆనుతుందన్నదే సంగతి. బజార్లో మూడంతస్తుల కాంప్లెక్సు ఏ కాగితానికీ ఆనలేదు. పక్కింటి గురవమ్మ రేకుల వసారా మాత్రం ఆనింది. పదిమంది ఆడవాళ్లు అక్కడ కూర్చుని గుంటూరు పోయే మిరపకాయలకి తొడిమలు తీస్తారు గనక అది గోడౌనట. వ్యాపారపు పన్ను కట్టకపోతే తాళం వేస్తామని నోటీసు అంటించారు.

అప్పీలు రాసిపెట్టమని గురవమ్మ వచ్చింది. ఆయన వెళ్లి వసారా కొలిచారు, ఒక్క ముక్కా రాయకుండా తిరిగొచ్చారు.

"సొంత మెట్లకైతే మూడేళ్లు రాశావు. పది పొయ్యిలు ఆరిపోతున్నాయంటే కాగితం బరువైందా అన్నయ్యా?" అని ఆమె మొహం మీదే అడిగింది. ఆయన టేపు చుట్టుకున్నారు. రాతిగుండె మనిషని వీధి తేల్చేసింది.

ఎట్టకేలకి మూడో అప్పీలు మీద రెవెన్యూ ఆఫీసరు స్వయంగా వచ్చాడు. జయకుమారి టేపు ఒక కొస పట్టుకుంది. మెట్ల కింద గదిని పుస్తకంలోంచి కొట్టేశారు. చెంచయ్య గారు గెలిచారు.

"ఇంకోటుందండి. ఈ వసారా నాది. మా గోడకి ఆనుకునుంది చూడండి. పొరపాటున పక్కింటికి రాశారు."

గురవమ్మ అరవబోయి, సగంలో ఆగి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. జయకుమారి చేతిలో టేపు జారింది. అంగుళం కోసం ఆఫీసు గుమ్మాలు అరగదీసిన మనిషి, పట్టపగలు ఎనిమిది అడుగులు బొంకుతున్నాడు.

"మరి ఆ మిరపకాయలు?" అన్నాడు ఆఫీసరు.

"ఇంట్లో వాడకానికండి."

"పదహారు బస్తాలా?"

"మేం కాస్త కారం ఎక్కువ తింటాం."

పన్ను ఎవరు కట్టినా ఆఫీసరుకి ఒకటే. ఎండ మండిపోతోంది. చెంచయ్య గారింట్లో భాగమని రాసుకుని, గోడౌను నోటీసు పీకెయ్యమని చెప్పి జీపెక్కాడు. మెట్ల కింద తగ్గినదానికి రెండింతలు ఆయన పేర పెరిగింది. మూడేళ్లు పోట్లాడి పన్ను పెంచుకున్న మొనగాడని వీధి విరగబడి నవ్వింది.

జయకుమారి పుస్తకంలో 'వెడల్పు ఎనిమిది అడుగులు' అని రాసి, గొంతు తగ్గించింది.

"బాబాయ్ గారూ, ఇది ఆవిడదేనని నాకు తెలుసు. కొలిచింది నేనే."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ వంక చూశారు.

"ఎనిమిది కాదు, ఎనిమిది అడుగుల రెండంగుళాలు. దిద్దమ్మా. తప్పుడు కొలతకి నేను సంతకం పెట్టను."