ఆగని గిటారు

వీధిలో పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులు చేస్తున్న రోజులవి. మా ఆయన పోయి ఏడాదైందని బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టాం. ఆయన కట్టిన పాట నేనే పాడాలనుకున్నాను. గిటారు వాయించే మనిషే లేడాయె. మా అమ్మాయి సునీత కంప్యూటర్‌లో గిటారు కార్డ్స్, అంటే తీగలు కలిపి మీటే మోతలు, ఒక్కోటీ వెతికి, పాటకు తగ్గట్టు వరసగా పేర్చింది.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక లేచాను. సునీత కంప్యూటర్‌లో గిటారు మొదలుపెట్టింది. రెండో చరణంలో గొంతు పట్టేసింది. గిటారు ఆగలేదు. నేనొక మాట దగ్గరుంటే అది ఇంకో లైనులో ఉంది. ఎంత ఉరికినా అందలేదు. ఆయనైతే నా నోరు చూసి వాయించేవాడు. ఇంటినిండా చుట్టాలు. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఆపవే బిడ్డా, నాతోని కాదు!" అని అరిచి కూర్చోబోయాను.

సునీత ఆపేసింది. "కూసోకమ్మా, జెర ఆగు. ఒక్కో కార్డ్ నేనే నొక్కుత. నువ్వు పాడినంకనే నొక్కుత."

మా ఆడబిడ్డ వెనకనుంచి, "పాడు వదినా, మాకేం బస్సు తప్పిపోతలేదు" అంది.

చివరి చరణం దాకా పాడాను. ఆ రోజు సగంలో కూర్చుండిపోతే ఆ పాట మళ్లీ ఎన్నడూ నా నోట వచ్చేది కాదు.

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే ఇదీ సునీతే రాస్తోంది. నా గొంతు పూడుకుపోయినప్పుడల్లా పెన్ను ఆపి కూర్చుంటోంది.