అల్లుడుగారి అలక అనుకున్నాం

మా ఆవు ఒంటిమీద మొదటి బుడిపె కనపడింది శ్రావణ బహుళ పంచమి, మంగళవారం ఉదయం. మెడకు ఎడమవైపు, చింతగింజంత ఉంది. సాయంత్రానికి పదకొండు అయ్యాయి. బుధవారం పొద్దున నలభై మూడు దాకా లెక్కపెట్టి ఆపాను. ఆ తర్వాతవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి లెక్కకు అందలేదు.

నేను మా ఊరి పాలకేంద్రంలో పంతొమ్మిదేళ్ళు పాలు కొలిచాను. ఎవరి గేదె ఏ రోజు ఎన్ని పాలిచ్చింది, వెన్న ఎంత వచ్చింది, ఏ పూట ఎవరు పాలు తేలేదు, అన్నీ రాసేదాన్ని. ఆ పని మానేసినా అలవాటు పోలేదు. ఆవు జబ్బుకు ఒక నోటుపుస్తకం పెట్టాను. పొద్దున జ్వరం ఎంత, సాయంత్రం ఎంత, ఎన్ని పరకలు మేసింది, ఎన్ని బక్కెట్ల నీళ్ళు తాగింది.

పశువుల ఆసుపత్రి నుంచి వచ్చినాయన చూసి, "లంపీనే అమ్మా. ముద్దచర్మం జబ్బు. దీనికి ఇదీ మందని లేదు. జ్వరానికీ పుళ్ళకీ చూసుకోవాలంతే. ఈగ వాలనీకండి. మిగతా గొడ్లకి దూరంగా కట్టెయ్యండి" అన్నాడు.

"మేత మానేసి ఎన్నాళ్ళయింది?"

"మూడు రోజుల మీద ఒక పూట."

ఆయన నవ్వాడు. "ఊరికి మీలాంటోళ్ళు ఒకరుంటే నా పని సగం అయిపోయినట్టే."

అప్పటికి ఊళ్ళో ఆరు గొడ్లకు వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. దోమ అన్నారు, గాలి అన్నారు, అమ్మవారికి పొంగళ్ళు తప్పాయన్నారు. వీధి మొదట్లో వేపమండలు కట్టారు. తమలపాకు, మిరియాలు, ఉప్పు, బెల్లం కలిపి నూరి పూటకో ముద్ద తినిపించమంటే అదీ చేశాం. నూరింది మా అమ్మాయి, తినిపించింది మా అల్లుడు.

మా అల్లుడు ఇల్లరికం వచ్చినవాడు. నాకు ఒక్కతే కూతురు. మా ఆయన పోయిన రెండో ఏడు ఈ సంబంధం కుదిరింది. వాళ్ళది చీమకుర్తి దగ్గర పల్లె, మాకు చుట్టరికం లేని బయటి సంబంధం. మేనల్లుడైతే ఏరా అని పిలిచేదాన్నేమో. బయటి సంబంధం గనుక మీరు అనే అన్నాను. ఆయన ఉన్న మంచంమీద నేను కూర్చోలేదు. ఏదీ ఎదురుగా అడగలేదు. ఆయన రెండు బారల దూరంలో ఉన్నా, "అల్లుడుగారు మజ్జిగ పోయించుకుంటారేమో కనుక్కోవే" అని కూతురితో అనేదాన్ని. ఆయనా "మీ అమ్మగారిని మందు డబ్బా మూత గట్టిగా పెట్టమను" అనేవాడు. ఇరవై ఒక్క ఏళ్ళు ఇట్లాగే గడిచింది. మా వైపు దీన్ని మర్యాద అంటారు.

ఆవు జబ్బుపడ్డ రోజుల్లో ఆయన కొట్టం వదల్లేదు. పసుపూ వేపాకూ మరగబెట్టిన నీళ్ళతో పుళ్ళు కడిగేవాడు. తువ్వాలు పెట్టి ఈగలు తోలుతూ కూర్చునేవాడు. ఇరవై నాలుగో రోజు ఆవు పచ్చగడ్డి నోట పట్టింది. ఇరవై తొమ్మిదో రోజు ముప్పావు లీటరు పాలిచ్చింది. ఆ రెండూ రాసి, కింద గీత గీసి, పుస్తకం మూసేశాను.

ఆయన ఆ తర్వాత కూడా కొట్టంలోనే ఉన్నాడు. ఆవుకోసం కాదు. అక్కడ నులకమంచం వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిరపనారు నాటే రోజులవి. నారు తెచ్చి చెట్టునీడన పెట్టారు, కూలీలు వచ్చారు, ఆయన లేవలేదు. మా అమ్మాయి వెళ్ళి నాటించింది. గడ్డం పెరిగింది. కంచంలో అన్నం పెడితే కలిపి వదిలేసేవాడు. ఒకటి అడిగితే చాలాసేపటికి "ఊఁ" అనేవాడు.

"అలిగాడేమో అమ్మా" అంది మా అమ్మాయి.

ఆ మాట మాకు చాలా సులువుగా అందింది. అల్లుడికి అలక అనేది ఉంటుంది. పెళ్ళిలో అలకపాన్పు కూడా ఉంటుంది. అల్లుడు మాట్లాడకపోతే ఏదో కావాలని అర్థం, అది ఏమిటో కనిపెట్టి ఇవ్వటం అత్తగారి పని. పెళ్ళినాడు ఈయన అలకపాన్పు మీద కూర్చుని ఏమీ అడగలేదు. "నాకేం వద్దండీ, ఆకలిగా ఉంది, లేవొచ్చా" అంటే అందరూ నవ్వారు. అప్పుడు అడగనిది ఇప్పుడు అడుగుతున్నాడనుకున్నాను.

ముందు వేటమాంసం వండించాను. రెండు ముక్కలు తిన్నాడు. కొత్త పంచెల చాపు తెప్పించాను. మడత విప్పలేదు. పెద్దమనుషులు ఇద్దరు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఏందబ్బాయ్, ఆడంగుల్లాగా ఈ మూతి ముడుపేంది? నీకేం కావాలో చెప్పు, మేం మాట్లాడతాం."

"ఏం వద్దండి."

"ఏం వద్దన్నోడికి అన్నీ కావాలిరా" అని ఒకాయన రెండో ఆయనతో అన్నాడు. కాఫీలు తాగి వెళ్ళిపోయారు.

కార్తీకం వచ్చింది. పత్తి పగిలి చెట్టుమీదే కారిపోతోంది. తీయించమని ఆయన చెప్పడు. కొట్టం గుమ్మంలోంచి చూస్తే చేను కనపడుతుంది. చూసేవాడు. వాన పడబోతున్న చేనును చూసే చూపు కాదది. ఏ చూపో నేను రాసుకోలేదు.

మా తోడికోడలు పక్కింట్లోనే ఉంటుంది. నోరు పెద్దది. ఒకరోజు గోడమీదనుంచి అంది.

"అక్కా, నువ్వు కోడికూర, వేటకూర అని తిరుగుతున్నావు. ఆయనకి కావాల్సింది ఆ మూడెకరాల నలభై సెంట్లు. ఇరవై ఏళ్ళు నీ పొలంలో అరకకట్టాడు. కాయితం ఇంకా నీ పేరునే ఉంది. నేనైతే రెండో ఏడే అలిగేదాన్ని."

"నాతో ఒక్కమాట అనలేదే."

"అంటాడా? నువ్వు ఎదురుగా నిలబడితేగా అనటానికి."

ఆ మాటలో రెండో సగం నేను పట్టించుకోలేదు. మొదటి సగం పట్టుకుని, మార్గశిర శుద్ధ దశమి గురువారం రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళాను. పొలం మొత్తం అల్లుడి పేర గిఫ్టు రాయించాను. ఆయన్ని మా అమ్మాయి గడ్డం గీయించి, చొక్కా తొడిగి తీసుకొచ్చింది. ఫొటో తీసే అమ్మాయి కంప్యూటరు మీదనుంచి తలెత్తి, "కొంచెం నవ్వండి బాబాయ్, పొలం వస్తోంది గదా" అంది. ఆయన ఆ అమ్మాయిని చూశాడు. నవ్వమన్నారని తెలిసింది, ఎట్లా నవ్వాలో గుర్తులేనట్టు ఉంది. వేలిముద్ర యంత్రం మీద ఆయన వేలు మూడుసార్లు పడలేదు. నాలుగోసారికి పడింది.

తిరిగి ఆటోలో వస్తున్నాం. ముందు సీట్లో డ్రైవరు, వెనక మేం ముగ్గురం, మధ్యలో మా అమ్మాయి. చాలా దూరం వచ్చాక ఆయన మాట్లాడాడు. మా అమ్మాయితో కాదు. ఆమె తలమీదుగా, నాతో.

"మీ అమ్మాయి పేరనే పెట్టాల్సిందండీ. మళ్ళీ మార్పించుకోటానికి తిరగాలి మీరు."

"ఎందుకు మార్పించటం?" అన్నాను. నేనూ నేరుగానే అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

"నేను ఉండను గదండీ" అన్నాడు.

ఊరికి వెళ్ళి రేపు వస్తానన్నంత మామూలుగా అన్నాడు. మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. నేను బయటకి చూశాను. నాకు ఏడుపు రాలేదు, భయమూ రాలేదు. మా దగ్గర మిరపతోటకు కొట్టే పురుగుమందు డబ్బాలు ఎన్ని ఉన్నాయా అని లెక్క మొదలైంది. అటకమీద ఐదు, తలుపు వెనక ఏడు, మోటారు గదిలో రెండు. పద్నాలుగు.

ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోకుండా ఆ పద్నాలుగూ గంపలో పెట్టి మా తోడికోడలి ఇంటికి మోసుకెళ్ళాను. రెండు గంపలు పట్టాయి.

"ఇదేంటక్కా, పొలం ఆయనకి రాసి మందులు నాకు రాస్తున్నావా?" అంది.

సంగతి చెప్పాను. ఆమె నోరు మూసుకోవటం నేను అదే మొదటిసారి చూడటం. డబ్బాలు తన గొడ్లచావిడి పక్క గదిలో పెట్టి, పెట్టె తాళంకప్ప తెచ్చి దానికి వేసింది. తాళంచెవి నడుముకు దోపుకుంది.

వెనక్కి వచ్చి నేరుగా కొట్టంలోకి వెళ్ళాను. ఆయన చొక్కా మార్చకుండానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంచం పట్టెమీద కూర్చున్నాను. ఆయన ఉలిక్కిపడి లేవబోయాడు. అత్తగారు తన మంచంమీద కూర్చోవటం ఆయనా ఎన్నడూ చూడలేదు.

"లేవొద్దు. ఒక్కటే అడుగుతాను. చావాలని ఉందా నాయనా?"

నాయనా అని పిలవటం అదే మొదలు. పక్కన ఆవు నెమరేస్తోంది.

"ఉండటానికి ఓపిక లేదండీ" అన్నాడు. "అలక కాదండీ. నాకేమీ అక్కర్లేదు. అదే జబ్బనుకుంటా."

ఆ మర్నాడే గుంటూరులో మనసు జబ్బులు చూసే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయికన్నా పదేళ్ళు చిన్నదై ఉండొచ్చు. ఎప్పటినుంచి నిద్ర లేదు, ఎప్పటినుంచి ఆకలి లేదు, బరువు ఎంత తగ్గారు అని వరసగా అడిగింది. నేను సంచిలోంచి ఆవు పుస్తకం తీశాను. ఇంకో పుస్తకం లేదు గనుక తీశాను. దాంట్లో వెతికితే ఆయన కూడా అక్కడక్కడా ఉన్నాడు. ఎనిమిదో రోజు, "మందు ముద్ద ఆలస్యం, అల్లుడుగారు పడుకున్నారు." పదిహేనో రోజు, "నీళ్ళు రెండు బక్కెట్లు. అల్లుడుగారు అన్నం తినలేదు." ఇరవయ్యో రోజు, "అల్లుడుగారు తెల్లవార్లూ కొట్టంలోనే." ఆవు సంగతి చెప్పటానికి రాసినవి అవి. ఆయన గురించి రాసినవి కావు. డాక్టరమ్మ ఆ వాక్యాలే ఎత్తి రాసుకుంది. అంటే ఆవు లేవకముందే ఈయన పడిపోయాడు. నా చేత్తో నేనే రాసి, చదవలేదు.

"వాళ్ళ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అంది. ఆయన తనకు తెలియదన్నాడు. బయటకి వచ్చి చీమకుర్తిలో ఉన్న వాళ్ళన్నకు ఫోను చేయించాను. క్వారీ లారీల చప్పుడులో గట్టిగా మాట్లాడాడు.

"మా నాయన కూడా అంతేనండీ. రెండేళ్ళు గోడకేసి చూస్తా పడుకున్నాడు. మేం కామెర్లనుకున్నాం. పసరు పోయించాం. తగ్గలేదని చేతికి వాత కూడా పెట్టించాం. కిక్కురుమనలేదండీ మనిషి. అప్పుడు మా తమ్ముడు చిన్నోడు."

"తర్వాత?"

"పోయాడండి" అన్నాడు. ఎట్లా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అది తిరిగి లోపలికి వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను.

ఆమె మాత్రలు రాసింది. మూడు నాలుగు వారాలదాకా తేడా తెలియకపోవచ్చంది. ఆవు మందు గురించి కూడా ఎవరూ ఇంత ఖాయంగా చెప్పలేదని సరేనన్నాను. ఇంకొకటి చెప్పింది. ఆటోలో ఆయనన్న మాట, మంచం దగ్గర నేనడిగిన మాట విని, "రోజూ అడగండి" అంది.

"రోజూ చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టదా?"

"అడిగితే పుట్టదు మామ్మగారూ. అడక్కపోతే ఆయన ఒక్కడే మోస్తాడు."

ఆ రోజునుంచి దీపం పెట్టే వేళకు కొట్టంలోకి వెళ్ళి మంచంమీద కూర్చుని అడుగుతున్నాను. మొదట్లో మా అమ్మాయి ఆ మాట వినలేక వీధిలోకి వెళ్ళిపోయేది. ఇప్పుడు బియ్యం ఏరుకుంటూ అక్కడే కూర్చుంటోంది. మొదటి మాత్ర పడలేదు, చేతులు వణికాయి, మార్చారు. రెండోది నలభై రోజులకు కొంచెం పట్టింది. ఆ ఏడు మిరపకాయలు కోయించింది మా అమ్మాయే. ఆయన కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరాడు, మొదట గంట, తర్వాత పూట. ఊళ్ళో కొందరు పొలం చేతికొచ్చింది గనుక లేచాడన్నారు. పెద్దమనుషుల్లో ఒకాయన ఒకరోజు ఒంటరిగా వచ్చి, గొంతు తగ్గించి, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని అడిగాడు. ఎవరికోసమో చెప్పలేదు. రోజులు చెప్పాను.

ఇది రాస్తున్నది మొన్నటి మార్గశిరం వెళ్ళాక. ఏడాది దాటింది. బాగయ్యాడని నేను రాయను. మాత్రలు ఉన్నాయి. కొన్ని రోజులు చేనుకు పోతాడు, కొన్ని రోజులు పోడు. చాలా రోజులు నేనడిగిన దానికి లేదంటాడు. ఆషాఢంలో వరసగా తొమ్మిది రోజులు ఉందన్నాడు. ఆ తొమ్మిది రోజులూ మేం ముగ్గురం వంతులేసుకుని ఆయన పక్కన ఉన్నాం. మూడో మనిషి మా తోడికోడలు. ఆమె వంతు వచ్చినప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడాడు. మాట్లాడకపోతే ఆమె ఊరుకోదు.

నిన్న సాయంత్రం వెళ్ళి అడిగాను. ఆయన పలుపుతాడు పేనుతున్నాడు.

"ఇవాళ అనిపించిందా?"

"మధ్యాహ్నం అనిపించిందండీ. నీళ్ళు పెట్టటానికి లేచాను, ఆ పనిలో పోయింది."

"ఎంతసేపు ఉంది?"

తాడు పేనటం ఆపి నా వైపు చూశాడు. "చూసుకోలేదండీ."

"రేపు చూసుకో" అన్నాను.

సరేనన్నాడు.